డ్రోన్ ఎగరేసే తల్లికి పెదనాన్న మాట

అమ్మలూ,

నీకు డ్రోన్ పైలట్ సర్టిఫికెట్ వచ్చిందనీ, మీ మహిళా సంఘం పేరున డ్రోన్ ఊళ్లోకి దిగిందనీ మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చెబుతుంటే వాడి గొంతు పూడుకుపోయింది. చంటిదాన్ని మీ అమ్మకి అప్పజెప్పి పదిహేను రోజులు శిక్షణకి వెళ్లొచ్చావు. ఐదు రోజులు యంత్రం ఎగరెయ్యడం, పది రోజులు మందూ ఎరువూ చల్లే తీరు, రెండూ నేర్చుకున్నావు. మన ఇంట్లో అరక దున్నినవాళ్లున్నారు, ట్రాక్టరు తోలినవాళ్లున్నారు. పొలం మీద యంత్రాన్ని ఎగరేసిన మొదటి మనిషివి మాత్రం నువ్వే. చాలా సంతోషం తల్లీ. చల్లగా ఉండు.

సంతోషంతో పాటు మనసులో ఒక దిగులు కూడా ఉంది. ఫోన్‌లో నాలుగు ముక్కల్లో తేల్చే మాట కాదు. పిల్ల నిద్రపోయాక నిదానంగా చదువుకుంటావని రాస్తున్నాను.

పెదనాన్నకి కొత్తవేవీ గిట్టవని అనుకోకు. మందు కొట్టే మనిషి మందులో నడవనక్కర్లేదు, నీ యంత్రంలో నాకు అన్నిటికన్నా నచ్చింది అది. పత్తి చేలో చేతిపంపు వీపున వేసుకుని, గాలి ఎటు వీస్తే అటు మొహం తిప్పుకుంటూ, మొక్కల మధ్య నడిచిన తరం మాది. మూత సందులోంచి కారిన మందు చొక్కా తడిపి వీపంతా పాకేది. సాయంత్రానికి చర్మం మంట పుట్టేది. కళ్లు తిరిగి సాలులోనే పడిపోయినవాళ్లను మంచం మీద రోడ్డు దాకా మోసుకెళ్లిన రోజులు నాకు గుర్తున్నాయి. అవన్నీ పాత రోజుల సంగతులనుకోకు. 2017లో ఆదిలాబాదుకు ఆనుకుని ఉన్న మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ, ఆ తుంపర పీల్చి, ఇరవై మందికి పైగా రైతులూ కూలీలూ చనిపోయారు. వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. ఆ ఏడు పత్తి ఏపుగా పెరిగింది. పైకెత్తి కొట్టిన మందు కొట్టినవాడి మొహం మీదే పడింది. గట్టున నిలబడి మందు కొట్టే సాధనం వచ్చిందంటే ఇక ఎవరు కాదంటారు?

నా దిగులల్లా వేరే ఉంది. చేతిపంపుకి ఒక కట్టడి ఉండేది, అది మన ఒళ్లే. ఎకరం మిరపకి రెండొందల లీటర్ల నీళ్లు మొయ్యాలి, కలపాలి, వీపున ఎత్తుకోవాలి. కూలి మనుషులు దొరకాలి. అందుకని రైతు "ఇవాళే కొట్టాలా, నాలుగు రోజులు చూద్దామా" అని తటపటాయించేవాడు. ఆ నాలుగు రోజుల్లో ఒక్కోసారి జోరువాన పడి పురుగు కొట్టుకుపోయేది. ఒక్కోసారి సాలీళ్లూ అక్షింతల పురుగులూ వచ్చి పని ముగించేవి. ఇప్పుడు నీ డ్రోన్ పది లీటర్ల ట్యాంకుతో ఎకరాన్ని నిమిషాల్లో చుట్టేస్తుంది. రోజుకి ఇరవై ఎకరాలు చెయ్యొచ్చని సర్కారే చెబుతోంది. రైతు ఫోన్ చెయ్యడమే ఆలస్యం. నడుం నొప్పి ఆపే పనిని ఇక నీ బుద్ధి ఆపాలి. ఈ ఉత్తరమంతా ఆ ఒక్క మాట కోసమే రాస్తున్నాను. పని ఎంత సులువైతే, మొదలుపెట్టే ముందు అంత ఎక్కువ ఆలోచించు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో కూడా చెప్పాలి కదా. నా చిన్నప్పుడు మలేరియా సిబ్బంది వచ్చి ఇంటి గోడలకు డి.డి.టి. కొట్టి, తలుపు పక్కన తేదీ వేసి పోయేవాళ్లు. అది పురుగుల్ని చంపుతుందని కనిపెట్టిన స్విట్జర్లాండు శాస్త్రవేత్త పాల్ ముల్లర్‌కి 1948లో నోబెల్ బహుమతి ఇచ్చారు. అర్హమైన బహుమతే. దేశంలో ఏటా కోట్ల మందిని మంచాన పడేసిన మలేరియా 1965 నాటికి లక్ష కేసులకు దిగింది. ఇక పీడ పోయిందనుకున్నారు. దోమ మందుకు అలవాటుపడింది, చూసేవాళ్ల శ్రద్ధా సడలింది, 1976లో కేసులు 64 లక్షలు దాటాయి. అదే డి.డి.టి.ని పొలాల మీదా అడవుల మీదా విచ్చలవిడిగా చల్లితే పక్షులకీ చేపలకీ ఏమవుతోందో అమెరికాలో రేచల్ కార్సన్ అనే ఆవిడ 1962లోనే పుస్తకం రాసి చెప్పింది. ఆవిడా సముద్ర జీవుల మీద పనిచేసిన శాస్త్రవేత్తే. శాస్త్రం మనకి మందుతో పాటు హద్దు కూడా చెబుతూనే వచ్చింది తల్లీ. మందు అందుకున్నంత ఆత్రంగా మనం హద్దును అందుకోలేదు.

మన గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి సంగతి నువ్వు పుట్టకముందుది. 1980 ప్రాంతంలో సింథటిక్ పైరిత్రాయిడ్లు వచ్చాయి. సైపర్‌మెత్రిన్, ఫెన్వలరేట్ లాంటివి. సాయంత్రం కొడితే తెల్లారేసరికి శనగపచ్చ పురుగు సాళ్లలో రాలి పడి ఉండేది. కళ్లెదుట అంత ఫలితం కనిపిస్తే ఏ రైతుకి ఆగుతుంది? పది రోజులకోసారి కొట్టేది వారానికి, వారానికి కొట్టేది నాలుగు రోజులకి వచ్చింది. 1987లో తెల్లదోమ విరుచుకుపడింది. చేలోకి దిగి మొక్కను కదిపితే పిండి చల్లినట్టు తెల్లగా లేచి కళ్లలోకీ ముక్కుల్లోకీ పోయేది. ఆకు పట్టుకుంటే వేళ్లు బంకబంకగా అంటుకునేవి. ఆ బంక మీద నల్లటి మసి పట్టి, పగిలిన కాయలో దూది కూడా మాసిపోయి ఉండేది. బేరగాళ్లు బోరెం మూతి విప్పి చూసి పక్కకి జరిగిపోయేవాళ్లు.

తెల్లదోమ ఎక్కణ్ణుంచో కొత్తగా వచ్చిన పురుగు కాదు. ఎప్పుడూ చేలో ఉన్నదే. దాన్ని తిని అదుపులో ఉంచే అల్లిక రెక్కల పురుగునీ, అక్షింతల పురుగునీ, సాలీణ్ణీ, కంటికి సరిగ్గా ఆనని చిన్న కందిరీగనీ మందు ముందుగా చంపేసింది. శనగపచ్చ పురుగేమో ఆ మందుకు లొంగడం మానేసింది. మందుల కొట్లో బాకీ అలాగే ఉండిపోయింది. ఆ రోజుల్లో మన రెండు జిల్లాల్లోనూ పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. పదేళ్లు గడిచాక, 1997-98లో, వరంగల్ పత్తి చేలల్లో లద్దె పురుగుతో మళ్లీ అవే అప్పులు, అవే చావులు. ఆ ఇళ్లల్లో మిగిలిన ఆడవాళ్లు ఎలా నెట్టుకొచ్చారో మన బంధువుల్లోనే చూశావు, నేను వేరే చెప్పక్కర్లేదు.

2002లో బీటీ పత్తి వచ్చింది. కాయతొలుచు పురుగు మీద కొట్టే మందు నిజంగానే తగ్గింది, ఆ మేలు కాదనకూడదు. అయినా పదేళ్లు తిరక్కుండానే, 2010లో, గులాబీ రంగు పురుగు దానికీ అలవాటుపడిందని గుజరాత్‌లో బయటపడింది. ఇక మిరపలో నల్ల తామర పురుగు సంగతి నీ కళ్లముందే జరిగింది. 2021లో అది పూలలో దాక్కుని పిందె కట్టనివ్వకపోతే, నాలుగైదు మందులు ఒకే ట్యాంకులో కలిపి రోజు మార్చి రోజు కొట్టారు. పూత నిలవలేదు. చివరికి తోటలే దున్నేశారు.

ఇంకో దేశం సంగతి చెబుతాను. ఇండోనేషియాలో వరికి సుడిదోమ పట్టి, ఎంత కొడితే అంత పెరుగుతుంటే, అక్కడి శాస్త్రవేత్తలు పొలాల్లో దిగి దుబ్బు దుబ్బునా పురుగులు లెక్కపెట్టారు. దోమ గుడ్లు ఆకు తొడుగుల్లో భద్రంగా ఉంటున్నాయనీ, దోమను తినే సాలీళ్లు మాత్రం మందుకు చస్తున్నాయనీ తేలింది. 1986 నవంబరులో ఆ సర్కారు వరి మీద 57 రకాల మందులు నిషేధించింది. తర్వాత లక్షల మంది రైతులకు పొలం గట్టునే బడి పెట్టి, ఏది శత్రువో ఏది నేస్తమో గుర్తుపట్టడం నేర్పింది. వరి దిగుబడి పడిపోలేదు. శాస్త్రం అంటే నాకు ఇష్టం అని నేనెప్పుడూ అంటానే, ఇదిగో ఇలాంటి శాస్త్రం. కొత్త మందు కనిపెట్టడానికి ఎంత తెలివి కావాలో, మందు ఆపడానికీ అంత తెలివి కావాలి.

కాబట్టి అమ్మలూ, ఎవరైనా ఫోన్ చేసి "అమ్మాయ్, రేపొచ్చి మందు కొట్టు" అంటే నువ్వు మొదట అడగాల్సింది "పురుగు చూశారా?" అని. చూడలేదంటే నువ్వే వెళ్లి చూడు. మిరప పూలు నాలుగు కోసి తెల్ల కాయితం మీద దులిపితే తామర పురుగు ఉందో లేదో అక్కడికక్కడే తెలుస్తుంది. వరి అయితే దుబ్బు అడుగున, నీళ్లకి కాస్త పైన వేళ్లతో విడదీసి చూడు. పిలక దశలో దుబ్బుకి పది పదిహేను దోమలు లేకపోతే మందుతో పని లేదు. నాటేటప్పుడే రెండు మీటర్లకోసారి కాలిబాట తీసిన పొలంలో గాలీ వెలుతురూ ఆడి దోమ అంత తొందరగా పట్టదు. ఆ మాట నాట్లకి ముందే మీ సంఘం ఆడవాళ్ల చెవిన వెయ్యి. పత్తిలో లింగాకర్షక బుట్టలు పెట్టించు. వరసగా మూడు రాత్రులు ఒక్కో బుట్టలో గులాబీ రంగు పురుగు తాలూకు రెక్కల పురుగులు ఎనిమిదేసి పడితేనే మందు గురించి ఆలోచించాలి.

ఇక్కడ నీకు వచ్చే కష్టం నాకు తెలుసు. నీ కూలి ఎకరం లెక్కన వస్తుంది. డ్రోన్ ఎగిరితేనే డబ్బు. "ఈ వారం మందు అక్కర్లేదు బాబాయ్" అని చెప్పి గట్టు మీదనుంచి వెనక్కి వస్తే ఆ రోజు నీకు పైసా రాదు, బ్యాటరీ కిస్తీ మాత్రం ఆగదు. పైగా "ఈ పిల్లకేం తెలుసు, షాపాయన కొట్టమన్నాడు" అంటారు. మందు అమ్మేవాడి సలహా మీద మందు కొనే పద్ధతి మన పల్లెల్ని ఎంత ముంచిందో చెప్పడానికి నాకు ఇంకో ఉత్తరం కావాలి. అందుకే నువ్వు ఒంటరిగా చెయ్యకు. పురుగు చూసి చెప్పే పనికి కూడా ఎకరానికి ఇంత అని సంఘంలో ఒక చిన్న రుసుం పెట్టుకోండి. కొట్టినా కొట్టకపోయినా అది రావాలి. పోషకాలు చల్లే పని, నానో యూరియా పని ఉన్నాయి, వాటికి డ్రోన్ ఎగరేసుకో. నీ ఆదాయం విషం మీదే నిలబడేలా చేసుకోకు.

గాలి సంగతి శిక్షణలో చెప్పే ఉంటారు, అయినా మళ్లీ చెబుతున్నాను. చేతిపంపుతో రెండొందల లీటర్లలో కలిపే మందుని నువ్వు పది లీటర్లలో కలుపుతున్నావు. అంటే నీ ట్యాంకులో ఉన్నది ఇరవై రెట్లు చిక్కన. ఆ తుంపర పక్క చేలోకి కొట్టుకుపోతే, అక్కడ మల్బరీ ఉంటే పట్టుపురుగు చస్తుంది, తేనెపెట్టెలు ఉంటే ఈగలు చస్తాయి, పశువులు మేసే గడ్డి మీద పడుతుంది, ఊరి చెరువులో పడుతుంది. కేరళలో కాసరగోడ్ జీడిమామిడి తోటల మీద రెండు దశాబ్దాల పాటు హెలికాప్టరుతో ఎండోసల్ఫాన్ చల్లారు. ఆ కొండల కింద ఇళ్లున్నాయి, బావులున్నాయి, వాగులున్నాయి. అక్కడ వైకల్యాలతో పుట్టిన పిల్లల్ని కళ్లారా చూసినవాళ్లు గట్టిగా పోరాడితే, 2011 మే 13న సుప్రీం కోర్టు ఆ మందును దేశమంతటా ఆపించింది. పైనుంచి చల్లేదేదైనా ఎవరి గట్టునూ ఎరగదు తల్లీ. పొద్దున్నే గాలి లేనప్పుడు మాత్రమే ఎగరెయ్యి. గాలి లేస్తే సగం పనైనా సరే దించెయ్యి. పక్క రైతుకి ముందురోజే కబురు చెయ్యి, పశువుల్నీ పిల్లల్నీ దూరంగా ఉంచమను.

డబ్బా మీది త్రికోణం గుర్తు చూడటం అలవాటు చేసుకో. ఎరుపు అన్నిటికన్నా ప్రమాదం, దాని మీద పుర్రె బొమ్మ ఉంటుంది. తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే తక్కువ విషం అని అర్థం, విషం కాదని కాదు. లోపల ఉండే కరపత్రంలో తెలుగు కూడా ఉంటుంది కానీ అక్షరాలు మరీ చిన్నవి. ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకుని చదువు. ఏ పంటకి, ఎంత మోతాదు, కోతకి ఎన్ని రోజుల ముందు ఆపాలి, విరుగుడు ఏమిటి, అన్నీ అందులోనే ఉంటాయి. కొన్నిటికి విరుగుడు లేదని రాసి ఉంటుంది. అలాంటిది నీ చేతికి ఇస్తే తీసుకోకు. రెండు మూడు మందులు కలపమంటే ఒప్పుకోకు. కోతకి మూడు రోజుల ముందు కూరగాయల మీద కొట్టమంటే అసలే ఒప్పుకోకు. ఆ బెండకాయలు తినేది మన పిల్లలే.

డ్రోన్ ఉన్నా కలిపే పని చేత్తోనే కదా, అసలు ప్రమాదం అక్కడే ఉంది. మూత తీసిన క్షణంలో ఉన్నంత చిక్కటి విషం ఇంకెప్పుడూ ఉండదు. గ్లవుజులు, కళ్లద్దాలు, మాస్కు, పొడుగు చేతుల చొక్కా లేకుండా మూత తియ్యకు. మే నెల ఎండలోనైనా అంతే. ఎవరికైనా చొంగ కారడం, చెమటలు పట్టడం, చూపు మసకబారడం, కండరాలు అదరడం కనిపిస్తే, ముందు బట్టలు తీసేసి సబ్బుతో ఒళ్లు కడగండి. 108కి ఫోన్ చెయ్యండి. మందు డబ్బా ఆస్పత్రికి తీసుకెళ్లడం మరిచిపోవద్దు, డాక్టరుకి దాని పేరే ఆధారం. ఖాళీ డబ్బాలు మూడుసార్లు కడిగి చిల్లులు పొడిచెయ్యండి. వాటిలో కిరసనాయిలూ విత్తనాలూ పోసుకునే అలవాటు మన ఊళ్లో ఇంకా పోలేదు. మిగిలిన మందు ఇంట్లో పెట్టకండి, సంఘం గదిలో తాళం వేసి ఉంచండి. తాళం ఎందుకో నీకు తెలుసు. ఇంట్లో మాటామాటా అనుకున్న రాత్రి చేతికి అందేచోట ఆ డబ్బా లేకపోతే చాలు, ఎందరి ప్రాణాలో నిలబడతాయి.

అన్నీ ఒక్కరోజులో మానెయ్యమని నేను చెప్పడం లేదు. 2021 ఏప్రిల్లో శ్రీలంక రాత్రికి రాత్రే రసాయన ఎరువుల దిగుమతి ఆపేసింది. రైతులు రోడ్డెక్కితే నవంబరుకల్లా వెనక్కి తగ్గింది. అయినా వరి దిగుబడి పడిపోయింది. మానడానికి కూడా ముందుచూపు కావాలి, నేర్చుకోవాలి. అప్పటి ఖమ్మం జిల్లాలో పునుకుల అనే ఊరు అది చేసి చూపించింది. పత్తి మందులతో అప్పులపాలైన ఆ ఊళ్లో, 2004 నాటికి పురుగుమందులు పూర్తిగా మానేశారు. ముందు నడిచింది ఆడవాళ్ల సంఘాలే. వేపగింజలు ఏరి, ఎండబెట్టి, పొడి చేసి, మగవాళ్లకి నచ్చజెప్పారు. మన ఆంధ్రప్రదేశ్‌లోనూ 2016 నుంచి ప్రకృతి సాగు పనిని ఊరూరా నడుపుతున్నది ఎక్కువగా మీలాంటి సంఘాలే. వేప కషాయమైనా సరే, నాలుగు మడతల బట్టలో వడకట్టి పొయ్యి, లేకపోతే నీ డ్రోన్ నాజిల్ పూడుకుపోతుంది.

వచ్చే శుక్రవారం మీ సంఘం కూర్చుంటుందట. పురుగు చూడకుండా డ్రోన్ ఎగరదని మీ పుస్తకంలో ఒక తీర్మానం రాయించు, అందరి చేతా సంతకాలు పెట్టించు. ఇంకొకటి, ఇది మాత్రం పెదనాన్న పట్టుదల అనుకో. నువ్వు పాలిచ్చే తల్లివి. పిల్ల పాలు మానేదాకా మందు కలిపే పని ముట్టుకోకు. గట్టు మీద రిమోట్ పట్టుకో, చాలు.